బండిలో చల్లగాలి, ఎదురింటి వడ్లు

డయాలసిస్ చేయించుకునే మనిషికి ఎండాకాలంలో అన్నిటికంటే పెద్ద భయం మంచినీళ్లు. ఈ సంగతి నా భార్య జబ్బు పడ్డాకే నాకు తెలిసింది. తాగిన నీళ్లు బయటికి పోయే దారి ఉండదు. ఒంట్లోనే నిలిచిపోయి ముందు కాళ్లకు వాపు తెస్తాయి, తర్వాత ముఖానికి, చివరికి ఊపిరితిత్తుల దగ్గరికి చేరతాయి. అందుకే ఆమె నీళ్లను కొలిచి తాగాలి. ఒక చిన్న గ్లాసు పెట్టుకుని పొద్దుటి నుంచి రాత్రి దాకా దానితోనే సర్దుకోవాలి. ఎండలు ముదిరాక మన ఊళ్లలో ఆ గ్లాసుతో సర్దుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

వారానికి మూడు రోజులు ఆమెను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి తీసుకుపోతాను. అక్కడే ఆమెకు వంతు దొరికింది. నాలుగు గంటలు మిషను మీద ఉంటుంది. పోను రాను ప్రయాణానికి మా పాత వ్యాను. కొన్ననాడే అది పాతది. ఎనిమిది సీట్లు. ఒకప్పుడు పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాణ్ణి. లింగంపేట వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లను గంపలతో సహా కార్ఖానాకు దింపేవాణ్ణి. ఆమె జబ్బు పడ్డాక కిరాయిలు తగ్గిపోయాయి, బండి ఇంటికే మిగిలింది. దానిలో బాగా పనిచేసేది ఒక్క ఏసీ. తలుపులు గట్టిగా వేస్తేనే పడేవి, వెనక సీటు స్ప్రింగులు గుచ్చుకునేవి, కానీ ఏసీ వేస్తే నిజామాబాద్ దాకా పోయినా చెమట పట్టేది కాదు. ఆ చల్లగాలిలో ఆమెకు గొంతు ఎండేది కాదు. బండిలో చల్లదనం ఉన్నన్ని రోజులు ఆమె నీళ్ల సీసా వైపు చూడకుండా పోయి వచ్చింది.

యాసంగి కోతలు మొదలైన రోజుల్లో ఆ గాలి సన్నబడింది.

"గాలి అస్తున్నదా అసలు?" అని అడిగింది ఆమె ఒక పొద్దున.

"అస్తున్నది."

"నీకు అస్తున్నదేమో. నేను పొయ్యి కాడ కూసున్నట్టే ఉన్న."

మీట చివరిదాకా తిప్పాను. లోపల గరగరమని చప్పుడైంది తప్ప గాలి పెరగలేదు. లింగంపేట దాటాక ఆమె కాళ్లు పైకి తీసుకుని కింద చూసింది. కాళ్ల కింద పరిచిన పట్ట తడిసి ఉంది.

"ఇగో, నేను నీళ్లు తాగలే. సీసా గూడ తియ్యలే. ఒట్టు," అంది.

నేను అడగనే లేదు. అయినా ఆమె ముందే ఒట్టు పెట్టుకుంది. ఇంట్లో నేను ఆమెకు కాపలావాడినైపోయానని ఆ మాటతో అర్థమైంది. సీసా మూత బిగించే ఉంది. ఎక్కడి నీళ్లో తెలియక ఆ పట్టను కామారెడ్డిలో ఎండకు ఆరేశాను.

నేను చదివింది పదో తరగతి దాకానే. కానీ ఎల్లారెడ్డి గ్రంథాలయంలో లోపలి గదిలో ఉన్న పుస్తకాల్లో నేను తెరవనివి తక్కువ. సైన్సు పుస్తకాలంటే నాకు మరీ ఇష్టం. ఐటీఐ పిల్లల కోసం ఎవరో ఇచ్చిపోయిన శీతల యంత్రాల పాఠ్యపుస్తకం ఒకటి ఉండేది. ఆమెకు జబ్బని తెలిసిన రోజుల్లో కిడ్నీల గురించి ఎలా చదివానో, ఇప్పుడు ఏసీ గురించి అలా చదివాను. చల్లదనం అని వేరే వస్తువేదీ లేదట. ఉన్న వేడిని ఒక చోట నుంచి తీసి ఇంకో చోట పారబోయడమే. అందుకు లోపల తిరిగే గ్యాస్ పెట్రోలులా మండి అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇది చదివిన రోజు నాకు సగం బాగైనట్టే అనిపించింది. గ్యాస్ కారుతోందని తేల్చేసుకున్నాను.

కామారెడ్డిలో సిరిసిల్ల రోడ్డు వైపు ఒక షెడ్డు ఉంది. ఏసీలు చూసే భాయ్ నాకు కిరాయిల కాలం నుంచి తెలుసు. ఆమెను మిషను మీద పడుకోబెట్టి బండి అక్కడికి తోలుకుపోయాను.

"గ్యాస్ కొడుదాం అన్నా. సల్లగైతది," అన్నాడు.

"భాయ్, గ్యాస్ అయిపోయేది కాదు. తక్కువైందంటే ఏడనో కారింది. ముందుగాల లీకేజీ చూడు."

అతను నా వైపు ఎగాదిగా చూశాడు. "ఏ కాలేజీల చదివినవన్నా?"

"గ్రంథాలయంల."

"అంటే పెన్షన్ ముసలోళ్లు పేపర్ చదువుకుంట కునుకు తీసే జాగ కదా?"

"పేపర్లు ముందటి రూంల. బుక్కులు లోపటి రూంల."

"సరే, లోపటి రూం సార్, జెర పక్కకు జరుగుండ్రి," అని సబ్బు నురగ తీసుకుని పైపులన్నిటి అతుకుల మీద పూశాడు. బుడగ ఎక్కడా లేవలేదు. నేను వదల్లేదు, మళ్లీ పూయించాను. రెండోసారి కూడా లేవలేదు. ఈలోగా ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది, ఆమె డయాలసిస్ అయిపోయిందని. అతను కొంచెం గ్యాస్ నింపి పంపించాడు. ఆ ఒక్క రోజు కాస్త నయమనిపించింది. తర్వాత గాలి ఇంకా తగ్గింది. గాలి వచ్చే కంతల్లో నుంచి బురద వాసన మొదలైంది.

ఆ రెండు వారాలు ఎలా గడిపామో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు బరువెక్కుతుంది. కిటికీలు తీస్తే వడగాలి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. అవతల మక్కజొన్న కంకులు పట్టే మిషన్లు. లారీ పోయిందంటే పొట్టంతా మా ముఖాల మీదికే. కిటికీలు మూస్తే ఉడికిపోవడం. నేను తువ్వాల తడిపి ఆమె మెడ చుట్టూ వేసేవాణ్ణి, గండి మాసానిపేట దాటేసరికి అది ఎండి గట్టిపడేది. నోట్లో పెట్టుకోవడానికి ఐసు ముక్కలు ప్లాస్కులో తెచ్చేవాణ్ణి. ఒక్క ముక్క అని ఇస్తే ఆమె ఇంకోటి అనేది. నేను ప్లాస్కు నా సీటు కింద పెట్టుకునేవాణ్ణి. ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. మిషను ఎక్కే ముందు బరువు చూసే నర్సమ్మ ప్రతిసారి అదే మాట.

"మళ్ల పెరిగినవు కదమ్మా. ఇన్ని నీళ్లు గుంజుతే తట్టుకుంటవా? నీ ఇష్టమేనా?"

నా భార్య జవాబు చెప్పేది కాదు. తర్వాత మిషను మీద పిక్కలు పట్టేసి అరిచేది. లోపలికి మమ్మల్ని రానివ్వరు. బయట బల్ల మీద కూర్చుని వినేవాణ్ణి. ఎక్కువ నీళ్లు ఒక్కసారిగా తీస్తే కండరాలు ఎందుకు పట్టేస్తాయో నేను చదివి ఉన్నాను. చదివినందువల్ల ఆ అరుపు తక్కువగా ఏమీ వినిపించలేదు.

మళ్లీ షెడ్డుకు పోయిన రోజు గాలి తోసే బ్లోయర్ పూర్తిగా ఆగిపోయింది. భాయ్ ఈసారి సబ్బు నురగ జోలికి పోకుండా ముందు సీటు ఎదురుగా ఉండే అర విప్పాడు. దాని వెనక డబ్బా ఊడదీయగానే నీళ్లు భళ్లున అతని ఒళ్లోకి దూకాయి. కుళ్లిన గడ్డి వాసన.

"యా అల్లా! ఇండ్ల చేపలేమన్న పెంచుతున్నవా అన్నా?"

లోపలి కాయిల్ బయటికి తీశాడు. సన్నని రేకులతో జాలీలాగా ఉండవలసిన వస్తువు అది. దాని మీద వడ్ల పొట్టు, మక్కల నూగు, దుమ్ము కలిసి గడ్డంలాగా మొలిచి ఉన్నాయి. వేలితో గీరాడు, వాసన చూశాడు, రెండు తుమ్ములు తుమ్మాడు.

"తంబాకు గూడ ఉన్నది. ఇది ఏసీ కాదు, కల్లం. పక్కకు పాన్ డబ్బా."

బీడీ గంపల కాలం నాటి పొగాకు దుమ్ము ఇంకా అందులోనే ఉందన్నమాట. అప్పుడు నాకు ఇంకో విషయం తట్టింది. చల్లటి కాయిల్ మీద గాలిలోని తడి నీళ్లై దిగుతుంది, చల్లనీళ్ల చెంబు బయట చెమర్చినట్టు. ఆ నీళ్లు కింద గొట్టంలోంచి రోడ్డు మీద పడాలి. ఒకప్పుడు పడేవి కూడా. ఈ మధ్య మా బండి ఆపిన చోట తడి కనిపించడం లేదు.

"భాయ్, నీళ్లు కిందికి పోయే పైపు ఏది?"

"కిందనే ఉంటది. జామైనట్టున్నది," అని అతను బండి కిందికి దూరాడు. స్క్రూడ్రైవరుతో ఏదో పొడుస్తూ, తిట్టుకుంటూ కాసేపు ఉన్నాడు. తర్వాత ఒక చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో నాని ఉబ్బిన మక్క బెండు ముక్క. గింజలు వలిచిన బెండును కత్తితో చెక్కి, గొట్టానికి సరిపోయేలా సన్నగా చేసి, గుడ్డ పేలిక చుట్టి మరీ బిగించారు.

"బండికి బిరడా కొట్టినవేందన్నా?"

నేను కొట్టలేదు. కానీ ఆ చెక్కుడు చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. మా ఎదురింటి కాక నాగలి కర్రు నుంచి మంచం కోడు దాకా దేన్నైనా అలాగే చెక్కి బిగిస్తాడు. కోతల మొదట్లో మా ఇండ్ల మధ్య సిమెంటు రోడ్డు మీద ఆయన వడ్లు ఆరబోశాడు. మా వాడలో అది ఏటా ఉండేదే. చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి, పొద్దంతా కాళ్లతో చాళ్లు దున్నుతూ తిరగేస్తారు. నేను కామారెడ్డి నుంచి వచ్చి బండి ఇంటి ముందు ఆపితే దాని కింద నుంచి నీళ్లు కారి, వాలుకు పారి, ఆయన వడ్ల అంచు తడిసేది. రెండు మూడుసార్లు కేకలేశాడు. తర్వాత కేకలు మానేశాడు. కోపం చల్లారిందనుకున్నాను.

నీళ్లలో నానిన బ్లోయర్ మోటారు కాలిపోయింది. అంత పాత బండికి కొత్తది దొరకదని, తుక్కు బండ్లలో వెతికి ఎల్లుండికి తెస్తానని భాయ్ చెప్పాడు. కాయిల్ కడిగి పెడతానన్నాడు. వైర్లు వేలాడుతున్న బండితో ఆస్పత్రికి పోయి ఆమెను ఎక్కించుకున్నాను.

దారిలో బెండు సంగతి చెప్పాను. నీళ్లు బయటికి పోయే దారి లేక లోపలే నిండి బండి పాడైందన్నాను. ఆమె విప్పి ఉన్న ఆ బొక్క వైపు చాలాసేపు చూసింది.

"దీనికి గూడ నా రోగమే అచ్చింది," అంది.

నవ్వాలో వద్దో తెలియలేదు. లింగంపేటలో బండి ఆపమంది. దుకాణంలో చల్లటి నీళ్ల సీసా తీసుకుని నా ముందే మూత తీసి, ఆగకుండా సీసా మొత్తం తాగింది. చెయ్యి పట్టుకుని ఆపాల్సినవాణ్ణి నేనే. ఆపలేదు. నాకు ఓపిక లేకపోయింది. ఆమె సీసా కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"ఎల్లుండి నేను రాను. గుంజుకపోయినా రాను. నన్ను ఇడిసిపెట్టు."

డయాలసిస్ ఒక్కసారి తప్పితే ఏమవుతుందో, రెండుసార్లు తప్పితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆమెతో పాటు వంతు ఉండే ఒక బీబీపేట ఆమె నిరుడు ఎండాకాలంలో రావడం మానేసింది. ఆమె మంచం మీదికి వేరే మనిషి వచ్చాడు. ఆ విషయం నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఇంటికి చేరేసరికి కాక వడ్లు కుప్ప చేస్తున్నాడు. బెండు ముక్క తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను.

"ఇది నీదేనా కాక?"

ఆయన వంగి చూశాడు. ముఖంలో తప్పు చేసిన గుర్తు కూడా లేదు. "నాదే. మంచిగ పట్టిందా? నీ బండి రోజు నా వడ్ల మీద ఉచ్చ పోసుడాయె. మొన్ననే వడ్లు కొనే సెంటర్ల తేమ ఎక్కువున్నదని వాపస్ పంపిండ్రు. నీకు ఇంటామె బాధ ఉన్నదాయె, నిన్నెందుకు సతాయించాలని నేనే బంద్ చేసిన."

"అది లీకేజీ కాదు కాక. ఆ నీళ్లు కారాలె. కారకపాయె, ఏసీ ఖరాబైంది. ఇగ ఆమె దవాఖానకు రానంటున్నది."

కాక చేతిలో వడ్లు లాగే పలుగొర్రు ఆగిపోయింది. ఆయనకు అప్పుడు అర్థమైంది. నాకు తిట్టాలని ఉంది, కానీ తిట్టడానికి కూడా నిలబడే శక్తి కావాలి. లోపలికి వచ్చి పడుకున్నాను.

మరునాడంతా ఆమె కాళ్లకు వాపు పెరుగుతూనే ఉంది. రెండో రోజు తెల్లవారి నేను తయారై కూర్చున్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమెకు నచ్చజెప్పమని మా పెద్దక్కకు ఫోను చెయ్యాలా అని ఆలోచిస్తుండగా కాక వచ్చాడు. తెల్లటి ధోతి కట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని, చంకలో వడ్లు చెరిగే చాట పెట్టుకుని ఉన్నాడు.

"లే బిడ్డ, పోదాం," అన్నాడు గుమ్మంలో నిలబడి.

"నేను రాను మామ. నువ్వెందుకు తయారైనవ్?"

"నేను గూడ అస్తున్న. ఏసీ లేకుంటే ఏమాయె, నేను ఇసురుత."

"చాటతోనా?"

"ఇంట్ల ఇసునకర్ర దొరకలే. దీనికే గాలి ఎక్కువ."

కాక గడప మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు గానీ నాకు వినిపిస్తూనే ఉంది.

"నువ్వు పోకపోతే నాకే మాటొస్తది బిడ్డ. ఫలానాయన వడ్ల కోసం ఎదురింటి కోడలిని సంపిండు అంటరు. ముసలితనంల నాకెందుకు ఇది? నా కోసమన్న లే. వడ్ల కాడ మీ అత్తను కావలి పెట్టచ్చిన. అది పిట్టలను కొట్టదు, పిట్టలతోని ముచ్చట పెడ్తది. జల్ది పోయి జల్ది రావాలె."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఇటు తిరిగేసరికి నవ్వుతోంది. ఉబ్బిన ముఖంలో కళ్లు గీతల్లా కనిపించాయి.

"నీ మాట కోసం నేను బతకాల్నా మామ?"

"నాకోసమో నీకోసమో, బతికితే అయితది కదా."

చెయ్యి ఇస్తే లేచింది.

దారి పొడుగునా కాక ఆమె వెనక సీట్లో కూర్చుని చాటతో విసిరాడు. చాట సందుల్లో మిగిలిన తవుడు ఆమె జుట్టు మీద రాలింది. "నన్ను చెరుగుతున్నవా మామ?" అంటే "తాలు పోతది ఉండు," అన్నాడు. సగం దారి దాటాక చేతులు నొప్పి పుట్టి విసురుడు తగ్గింది, తర్వాత నిద్రపోయాడు. ఆమె నీళ్లు అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేను ఆలోచించుకుని కూడా ఉండలేదు.

బరువు చూసి నర్సమ్మ అరిచింది. ఈసారి ఆమె నోరు విప్పింది. "తిట్టకమ్మా. అచ్చినందుకు సంతోషపడు."

కాకను ఆస్పత్రి బల్ల మీద కూర్చోబెట్టి షెడ్డుకు పోయాను. భాయ్ మాట నిలబెట్టుకున్నాడు. ఎక్కడో మూలన పడిన బండిలోంచి మోటారు తెచ్చాడు. కడిగిన కాయిల్ మెరుస్తోంది. బిగించి, కింద గొట్టంలోకి గాలి కొట్టి, బండి వేసి చూపించాడు. చల్లగాలి ముఖానికి తగిలినప్పుడు నాకు సంతోషం కంటే నిద్ర ముంచుకొచ్చింది. అక్కడే స్టీరింగు మీద తల వాల్చాను.

"లోపటి రూం సార్, లేవుండ్రి. మేడంను తీసుకరావాలె," అని భాయ్ తట్టి లేపాడు.

తిరుగు ప్రయాణంలో ఏసీ బాగా పనిచేసింది. ఆ రోజు ఆమెకు నీళ్లు ఎక్కువ తీశారు, పిక్కలు పట్టేసి నీరసంగా ఉంది. సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకుంది. కాక మాత్రం చలికి తువ్వాల తలకు చుట్టుకుని, చాట ఒళ్లో అడ్డం పెట్టుకుని, "గింత సలి మనిషికి మంచిదా?" అని ఒకటే గొణుగుడు. ఎల్లుండి మళ్లీ ఇదే రోడ్డు. ఆ తర్వాత మళ్లీ. ఎండాకాలం ఇంకా సగం కూడా కాలేదు. ఈ లెక్క మనసులో రాకుండా చూసుకుంటూ బండి నడిపాను.

ఇంటి ముందు ఆపాను. కాక దిగి, బండి కింద ఎక్కడ తడి పడుతుందో వంగి చూసి, తన వడ్ల కుప్పను ఆ పక్క నుంచి చాటతో ఎగదోయడం మొదలుపెట్టాడు. నేను తాళం తిప్పబోయాను.

"బంద్ చెయ్యకు," అంది ఆమె కళ్లు తెరవకుండానే. "జెర సేపు కూసుంట."

"డీజిలు..." అనబోయి ఆగాను.

బయట రోడ్డు మీద ఎండ ఇంకా తెల్లగా ఉంది. కాక భార్య వచ్చి అద్దం మీద తట్టి, "ఏమైంది, దిగరా?" అని సైగ చేసింది. దిగుతామని చేత్తో చెప్పాను. నేను కూడా సీటు వెనక్కి వాల్చుకున్నాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి, కానీ నాలుకతో తడుపుకోవడం లేదు. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. దిగుదామా అని నేను అడగలేదు.